కేకు గిన్నె వదలనంటే...

డిసెంబరు సంచిక కోసం వచ్చిన ఉత్తరాలన్నీ నిన్న మధ్యాహ్నం మంచం మీద పరుచుకుని కూర్చున్నాను. పదిహేడు ఉన్నాయి. పదకొండింటిలో ఒకటే మొర. కేకు పొంగింది, రంగొచ్చింది, వాసనకి పక్కింటివాళ్ళు కూడా తొంగి చూశారు, తీరా బోర్లిస్తే గిన్నె వదలనంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం దగ్గర పడ్డాయి కదా, అందుకని క్రీము గురించీ ఐసింగు గురించీ గుడ్డు లేని కేకు గురించీ అడిగినవాళ్ళు జనవరి దాకా ఓపిక పట్టండి. ఈసారి పేజీలన్నీ అంటుకున్న గిన్నెలకే.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి ఒక్క మాట. మాది విజయనగరం, అయ్యకోనేరు దగ్గర ఇల్లు. నేను బేకరీ చదువులేవీ చదవలేదు. మా ఆయన రైల్వే ఉద్యోగి. వాల్తేరు క్వార్టర్లలో ఉన్నప్పుడు పక్కింటి ఆంగ్లో ఇండియన్ ఆంటీ దగ్గర కేకు నేర్చుకున్నాను. ఇంట్లో చేసి అమ్మడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్ళు దాటింది. కాబట్టి నేను చెప్పేవన్నీ నా గిన్నెలు మాడ్చుకుని తెలుసుకున్నవే.

రాజాం నుంచి ఒక సోదరి: అక్కా, మా బాబు మొదటి పుట్టినరోజుకి నేనే కేకు చేస్తానని అందరికీ చెప్పుకున్నాను. గిన్నెకి వెన్న దట్టంగా పూశాను. బోర్లిస్తే పై సగం పళ్ళెంలో పడింది, కింది సగం గిన్నెలోనే ఉండిపోయింది. మా అత్తగారు ఏమీ అనలేదు గానీ, ఆ నవ్వు ఇంకా గుర్తుంది. వెన్న ఇంకా ఎక్కువ పూయాలా?

ఎక్కువ కాదమ్మా, అసలు వెన్నే వద్దు.

కేకు పిండిలో గుడ్డు ఉంటుంది, పాలు ఉంటాయి, చక్కెర ఉంటుంది. పొయ్యి మీద గుడ్డట్టు వేసి నూనె మర్చిపోతే ఏమవుతుందో మీకు తెలుసు. గుడ్డులోని మాంసకృత్తులు వేడికి గట్టిపడుతూ పక్కన ఏది దొరికితే దాన్ని పట్టుకుంటాయి. గిన్నె మన కంటికి నున్నగానే ఉంటుంది కానీ దాని మీద సన్నటి గీతలు, గుంటలు బోలెడు. వాటిలోకి పిండి దూరి అక్కడే గట్టిపడుతుంది. దానికి తోడు చక్కెర. అడుగున వేడికి కరిగి పాకమై, చల్లారాక గాజులా బిగుసుకుంటుంది. కాబట్టి పిండికీ లోహానికీ మధ్య ఒక తెర కావాలి. నెయ్యైనా, మైదా అయినా, కాగితమైనా మనం గిన్నెకి పట్టించేది ఆ తెర కోసమే.

వెన్నతో ఆ తెర ఎందుకు నిలవదంటే, షాపులో కొనే వెన్నలో కొవ్వు 80 శాతం దాకానే. దాదాపు 16 శాతం నీళ్ళు. మిగతాది ఉప్పూ, పాల పదార్థమూ. నీళ్ళు ఆవిరై పోయిన చోట తెరకి చిల్లులు పడతాయి. పాల పదార్థం మాడి అదే జిగురవుతుంది. వెన్న కాచి నెయ్యి చేసినప్పుడు గిన్నె అడుగున గోధుమరంగు గసి పేరుకుంటుంది చూడండి, అదే ఇది. నెయ్యిలో ఈ రెండూ ఉండవు. మైసూరుపాకు పోసే పళ్ళేనికి నెయ్యి రాస్తాం గానీ వెన్న రాయం కదా? మన అమ్మమ్మలకి ఇదంతా ఎవరూ చెప్పలేదు, అయినా తెలుసు.

సరే, మళ్ళీ చేసేటప్పుడు ఇలా చెయ్యండి. పేరుకున్న నెయ్యి గానీ డాల్డా గానీ తీసుకోండి. కరిగించకండి. కరిగినది గోడల మీంచి జారి అడుగున మడుగు కడుతుంది. అప్పుడు గోడలు ఒట్టివి, అడుగు వేపుడు. వేలితోనో చిన్న బ్రష్షుతోనో అడుగు, గోడలు, ముఖ్యంగా అడుగూ గోడా కలిసే మూల, ఎక్కడా మెరుపు తగ్గకుండా పూయండి. కేకులు ముందు చిరిగేది ఆ మూల దగ్గరే. ఇప్పుడు ఒక చెంచా మైదా వేసి గిన్నెని తిప్పుతూ అంతా అంటేలా చేసి, సింకు మీద బోర్లించి గట్టిగా తట్టండి. రాలేది రాలిపోవాలి. మిగిలేది పౌడరు రాసుకున్న మొహంలా పలచగా కనపడాలి. ఎక్కువైతే కేకు మీద తెల్లటి అట్ట కడుతుంది. చాక్లెట్ కేకైతే మైదా బదులు కోకో పొడి చల్లండి, మచ్చలు కనపడవు.

ఆపైన అడుగున గుండ్రంగా కత్తిరించిన బటర్ పేపరు వేసి, దాని మీద కూడా కాస్త నెయ్యి రాయండి. గిన్నెని కాగితం మీద పెట్టి పెన్సిలుతో గీసి, గీతకి కొంచెం లోపలగా కత్తిరిస్తే సరిగ్గా కూర్చుంటుంది. ఇన్నేళ్ళ అలవాటు ఉన్నా నేను ఈ కాగితం మానను. డబ్బు తీసుకుని చేసే కేకుకి అసలు మానను.

ఇది సగం పని. మిగతా సగం పొయ్యి మీంచి దించాక ఉంది. మీ ఉత్తరం చూస్తే నాకు ఇక్కడే అనుమానం. చుట్టాలు ఎదురు చూస్తున్నారని వేడివేడిగా బోర్లించేసి ఉంటారు. అవునా? వేడి కేకుకి ఒంట్లో బలం ఉండదు. లోపలి గంజి ఇంకా మెత్తగానే ఉంటుంది, బరువుకి తెగిపోతుంది. దించాక పది నిమిషాలు గడియారం చూసి ఆగండి. పెద్ద కేకైతే పదిహేను. ఆ లోపు అది కాస్త గట్టిపడి, గోడల నుంచి వెంట్రుకవాసి వెనక్కి జరుగుతుంది. అలాగని గంటసేపు వదిలేయకూడదు. ఆవిరి బయటికి పోయే దారి లేక అడుగున చెమ్మ పడుతుంది, పాకం బిగుసుకుంటుంది, మళ్ళీ మొదటికొస్తారు. పదో నిమిషానికి పలచటి చాకుని గోడకి ఆనించి, అంచు కేకు వైపు తిరగకుండా, చుట్టూ ఒక్కసారి తిప్పండి. పళ్ళెం మూసి, రెండూ కలిపి పట్టుకుని, ఒక్క విసురున బోర్లించండి. రాకపోతే ఊపకండి. అలాగే ఒక నిమిషం వదిలేయండి, దాని బరువుకి అదే దిగుతుంది.

అప్పటికీ మొండికేస్తే గుడ్డ ఇడ్లీ గుర్తు చేసుకోండి. ఇడ్లీ రేకు బోర్లించి గుడ్డ మీద నీళ్ళు చిలకరించి ఎలా ఒలుస్తాం? ఇక్కడా అంతే. వేడి నీళ్ళలో ముంచి పిండిన తువ్వాలుని బోర్లించిన గిన్నె అడుగు మీద రెండు నిమిషాలు వేయండి. బిగుసుకున్న పాకమూ నెయ్యీ కరిగి దారిస్తాయి. రాత్రి చేసి పొద్దున్న తీసే కేకైతే గిన్నెని సన్న మంట మీద పది, పదిహేను సెకన్లు తిప్పినా చాలు.

చీపురుపల్లి నుంచి ఒక పాఠకురాలు: అక్టోబరు సంచికలో మీరే "గిన్నెకి నాలుగు చుక్కలు నూనె రాస్తే చాలు" అని రాశారు. మీ మాట నమ్మి రెండుసార్లు చేశాను. రెండుసార్లూ అంటుకుంది. ఆరు గుడ్లు పోయాయి. ఇప్పుడేమంటారు?

తప్పు నాదేనంటాను. ఆ జవాబు రాసేటప్పుడు నా కళ్ళ ముందు ఉన్నది నా పాత అల్యూమినియం గిన్నె. గుండ్రటి కరెంటు ఓవెన్లు, మూత మీద చిన్న గాజు కిటికీ ఉండేవి, అవి ఇంటింటికీ వచ్చిన రోజుల్లో కొన్నది. ఇన్నేళ్ళ నూనె వేడికి ఎండి ఎండి దాని మీద పల్చటి తేనెరంగు పొరలా పట్టేసింది. వాడగా వాడగా నల్లబడిన అట్ల పెనంలాగ అన్నమాట. దానికి నాలుగు చుక్కలు నిజంగానే చాలు. మీది తళతళలాడే కొత్త గిన్నె అయ్యుంటుంది. కొత్త పెనం మీద మొదటి అట్టు ఎవరికి సరిగ్గా వచ్చింది? ఆ సంగతి రాయకపోవడం నా పొరపాటు.

ఆరు గుడ్ల బాకీ కింద మీకొక మందు చెబుతాను. మైదా, నూనె, డాల్డా మూడూ ఒకే కొలత. అరకప్పు, అరకప్పు, అరకప్పు. డాల్డాని గిన్నెలో వేసి గిలక్కొట్టి, మైదా కలిపి, నూనె కొంచెం కొంచెంగా పోస్తూ తెల్లటి క్రీములా అయ్యేదాకా గిలక్కొట్టండి. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే రెండు నెలలు వాడుకోవచ్చు. కేకు చేసే ముందు బ్రష్షుతో గిన్నెకి పల్చగా పూస్తే సరి. మళ్ళీ మైదా చల్లక్కర్లేదు, తెర అందులోనే ఉంది. అమెరికాలో ఇళ్ళల్లో కొందరు దీన్ని ఇలాగే చేసి దాచుకుంటారు. షాపుల్లో అమ్మే స్ప్రే డబ్బా ఖర్చులో ఇది నాలుగో వంతు కూడా పడదు.

పలాస నుంచి: పిన్నీ, మాకు ఓవెన్ లేదు. కుక్కర్లో చేస్తాను. మా ఊరి జీడిపప్పు ఉండగా కొదవేంటని గుప్పెళ్ళతో వేస్తాను. అడుగు మాడిపోతుంది, జీడిపప్పు గిన్నెకి రాళ్ళలా అతుక్కుపోతుంది. మిగతా కేకు బాగానే ఉంటుంది.

ఇందులో రెండు తగువులు ఉన్నాయి. ఒకటి మంటది, ఒకటి జీడిపప్పుది.

జీడిపప్పు సంగతి చిన్నది. పలుకులు బరువు, పిండి పలచన. అందుకని మునిగి అడుగుకి చేరతాయి. అక్కడ వాటి నూనె వాటిదే, వేగి నల్లబడతాయి. పలుకుల్ని ఒక చెంచా పొడి మైదాలో దొర్లించి కలపండి, పిండి కాస్త చిక్కగా ఉంచండి. అసలు సగం పలుకులు కలపకుండా ఉంచుకుని, పిండి గిన్నెలో పోశాక పైన చల్లండి. మీ ఊరి పప్పు పైన కనిపిస్తేనే కదా అందం.

మంట సంగతి చెప్పడానికి ఒక కథ చెప్పాలి. మా చెల్లెలిది ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మీ పలాస దగ్గరే తీరం దాటింది కదా. కొబ్బరి తోటలు పడుకుండిపోయాయి, స్తంభాలు విరిగాయి, కరెంటు ఎప్పటికి వస్తుందో తెలియదు. దారి తెరుచుకోగానే నేను బియ్యం, కొవ్వొత్తులు పట్టుకుని వెళ్ళాను. అక్కడ మా మేనకోడలి పుట్టినరోజు. పిల్ల ఏడ్వలేదు, అడగలేదు. అందుకే మాకు మరీ మనసుకి కష్టమైంది. గ్యాసు ఉంది, గుడ్లు దొరికాయి. పెద్ద ఇనప మూకుట్లో ఇసుక పోసి, వేడెక్కాక కేకు గిన్నె తిన్నగా ఇసుకలో గుచ్చి పెట్టి మూత వేశాను. అరగంటకి ఇల్లంతా మాడు వాసన. పైన పచ్చి, అడుగున బొగ్గు, గిన్నెకి ఒక అంగుళం మందాన అతుక్కుపోయింది. తొంగి చూసిన పక్కింటి ముసలమ్మ, "ఏటమ్మా, కేకు సేసినావా, ఇటిక సేసినావా?" అంది. ఆ వారంలో మేమందరం మొదటిసారి నవ్వింది అప్పుడే.

రెండోసారి ఇసుక మీద స్టాండు పెట్టాను. బటర్ పేపరు ఎక్కడ దొరుకుతుంది? పెరట్లో పడిపోయిన అరటిచెట్ల ఆకులకి మాత్రం కొదవ లేదు. ఒక ఆకుని మంట మీద వాడ్చి, గుండ్రంగా కోసి, నెయ్యి రాసి అడుగున వేశాను. కేకు ఎంత సులువుగా వచ్చిందంటే, ఆకు ఒలుస్తుంటే మా చెల్లెలు చప్పట్లు కొట్టింది. పైగా ఆకు వాసన. ఫిలిప్పీన్స్‌లో బిబింగ్కా అనే బియ్యప్పిండి కేకుని అరటాకు పరిచిన మట్టి పాత్రలో, కింద నిప్పులు, మూత మీద నిప్పులు వేసి కాలుస్తారట. మనం కుంపటి మీద దిబ్బరొట్టె కాల్చి, మూత మీద కూడా నిప్పులు వేసుకునే రోజుల్లో చేసిన పనే అది.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇది. ఉప్పో ఇసుకో ఒక అంగుళం మందాన పోయండి. దాని మీద కనీసం రెండంగుళాల ఎత్తు స్టాండు. కేకు గిన్నె అంచులు కుక్కరు గోడలకి తగలకూడదు. మూతకి రబ్బరూ విజిలూ రెండూ తీసేయండి, ఇది మర్చిపోకూడదు. మధ్యస్థ మంట మీద పది నిమిషాలు ఖాళీగా వేడి చేసి, గిన్నె పెట్టాక మంట బాగా తగ్గించి నలభై, యాభై నిమిషాలు ఉంచండి. మధ్యలో కొబ్బరి ఈనె గుచ్చి చూస్తే పచ్చి పిండి అంటకూడదు. ఉడకని కేకు ఏ గిన్నెనీ వదలదు, ఎంత నెయ్యి పూసినా. ఇంకో మాట, నీళ్ళు లేకుండా కుక్కరుని ఇలా వేడి చేస్తే అది పాడవుతుంది. కేకుకి కుక్కరే కానక్కర్లేదు, బరువైన మూకుడూ దానికి సరిపడే మూతా ఉంటే చాలు. కుక్కరుని పప్పుకి ఉంచుకోండి.

నరసన్నపేట నుంచి: బటర్ పేపరు బదులు న్యూస్ పేపరు వెయ్యొచ్చా?

వద్దు. సిరా తినేవాళ్ళకి మంచిది కాదు. న్యూస్ పేపర్లో తినుబండారాలు చుట్టొద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లోనే హెచ్చరించింది. మైనం పూసిన కాగితం కూడా వద్దు, ఓవెన్ వేడికి మైనం కరుగుతుంది. పిల్లల తెల్ల నోటుపుస్తకం కాగితమైనా గీతలు, రాతలు లేనిదైతే నెయ్యి రెండువైపులా రాసి అవసరానికి వాడుకోవచ్చు. నేను నేర్చుకున్న కొత్తలో కేకులన్నీ అలా చేసినవే. వెన్న చుట్టి వచ్చే కాగితం పారేయకుండా దాచుకునేది మా వాల్తేరు ఆంటీ. దానికి అంటి ఉన్న వెన్నతో గిన్నె రుద్ది, ఆ తర్వాత మైదా చల్లేది. పైన వెన్న వద్దన్నావు కదా అని అడగకండి, ఆవిడ గిన్నె నా గిన్నె కన్నా పాతది.

బొబ్బిలి నుంచి ఒక అమ్మమ్మ: మనవలకి మైదా, పంచదార పెట్టడం ఇష్టం లేక చోడి (రాగి) పిండి, బెల్లంతో కేకు చేస్తున్నానమ్మా. రుచి బాగుంది గానీ గిన్నె లోంచి ముక్కలుగా వస్తోంది. పిల్లలు పొడి తింటున్నారు.

మీరు చేసే పనికి ముందు ఒక దండం పెడతాను. ఇప్పుడు కష్టం చెబుతాను. గోధుమ పిండిలో జిగురు ఉంటుంది, అది కేకుని కట్టి ఉంచుతుంది. చోళ్ళలో ఆ జిగురు లేదు. అందుకే కొంచెం లాగితే తెగిపోతుంది. పంచదార కన్నా బెల్లానికి తొందరగా రంగొస్తుంది, తొందరగా అడుగంటుతుంది, తేమనీ పట్టి ఉంచుతుంది. అంటుకోవడంలో ఘనుడూ, విరగడంలో ఘనుడూ ఒకే గిన్నెలో కలిశారు.

చోడి పిండి సగం, గోధుమ పిండి సగం కలపండి. మొత్తం చోళ్ళే కావాలంటే ఒక గుడ్డు ఎక్కువ వేయండి, గుడ్డు తినకపోతే బాగా పండిన అరటిపండు ఒకటి మెదిపి వేయండి. బెల్లం తురిమి వేయకండి. తక్కువ నీళ్ళతో కరిగించి, వడగట్టి, చల్లార్చి కలపండి. కరగని బెల్లం గడ్డ అడుగుకి చేరిందంటే అక్కడ ఆ ముక్క ఊడి రానట్టే లెక్క. కాగితం అడుగుకే కాదు, గోడల చుట్టూ కూడా పట్టీలా వేయండి. మామూలు కేకుకి 180 డిగ్రీలు పెడితే దీనికి 160 పెట్టి, ఒక పది నిమిషాలు ఎక్కువ ఉంచండి. చల్లే పిండి కూడా చోడి పిండే చల్లితే రంగు కలిసిపోతుంది. దించాక పది నిమిషాలు కాదు, ఏడెనిమిది చాలు. బెల్లం పాకం బిగిసే లోపల కాగితంతో పాటే పైకెత్తి తీయండి, బోర్లించకండి. పూర్తిగా చల్లారాక గానీ కొయ్యకండి. పిల్లలు ఆగరని నాకు తెలుసు. వాళ్ళకి గిన్నె ఇచ్చి కూర్చోబెట్టండి.

విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర నుంచి: మా అబ్బాయి ఖరీదైన నాన్‌స్టిక్ కేకు గిన్నె కొనిచ్చాడు. ఆరు నెలలు బ్రహ్మాండంగా ఉంది. ఇప్పుడు జిగటగా తయారై మామూలు గిన్నె కన్నా ఎక్కువ అంటుకుంటోంది. కంపెనీ మోసమా?

కంపెనీని అనే ముందు, మీరు నూనె స్ప్రే డబ్బా వాడుతున్నారేమో చూసుకోండి. ఆ స్ప్రేలలో నూనెతో పాటు లెసిథిన్ అనే పదార్థం ఉంటుంది. అది నాన్‌స్టిక్ పూత మీద పొరలు పొరలుగా మాడి జిగురులా మిగిలిపోతుంది. గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి, వంటసోడా పేస్టులా చేసి మెత్తటి స్పాంజితో రుద్దండి, చాలావరకు వదులుతుంది. ఇక మీదట బ్రష్షుతో నూనె రాయండి. చాకు బదులు చెక్క గరిటో ప్లాస్టిక్ గరిటో వాడండి. స్టీలు పీచు దాని దరిదాపులకి రాకూడదు. పనమ్మాయికి గిన్నె ఇచ్చే ముందు ఈ ముక్క చెప్పారా? నేను చెప్పలేదు. అలా రెండు గిన్నెలు పోగొట్టుకున్నాను, తప్పు ఆ పిల్లది కాదు. పూత పొట్టులా రేగుతుంటే మాత్రం ఆ గిన్నె పక్కన పెట్టేయండి.

ఈ పూత పుట్టుక కథ తమాషాగా ఉంటుంది. 1938లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనే శాస్త్రవేత్త ఫ్రిజ్‌లకి కొత్త గ్యాసు కోసం వెతుకుతుంటే, సిలిండర్లో గ్యాసు పోయి తెల్లటి మైనం లాంటి పొడి మిగిలింది. అదే టెఫ్లాన్. తర్వాత 1950లలో ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ అనే ఇంజనీరు దాన్ని చేపల గేలం సామానుకి వాడుకుంటుంటే, ఆయన భార్య "అదేదో నా వంట గిన్నెలకి పూయొచ్చు కదా" అందట. ఆవిడ అడగకపోతే మీ అబ్బాయికి అంత ఖర్చు అయ్యేది కాదు.

పార్వతీపురం నుంచి: అమెరికాలో ఉన్న మా మనవరాలు ఏంజెల్ ఫుడ్ కేకు తయారీ విధానం పంపింది. అందులో "గిన్నెకి ఏమీ రాయవద్దు" అని ఉంది. పొరపాటున రాసిందా?

పొరపాటు కాదండీ. అన్ని కేకులకీ ఒకే మందు వెయ్యకూడదని చెప్పడానికి మంచి సందు ఇచ్చారు. ఆ కేకులో గుడ్డు తెల్లసొన గిలక్కొట్టిన నురగే ప్రాణం. నూనె గానీ వెన్న గానీ ఉండవు. ఆ నురగ పొడి గోడని పట్టుకుని, చెట్టెక్కే చీమలా పైకి పాకుతుంది. గోడకి నెయ్యి రాశారంటే జారి కూలిపోతుంది. కాలిన తర్వాత కూడా గిన్నెని బోర్లించి వేలాడదీసి చల్లార్చాలి, లేకపోతే తన బరువుకి తానే కుంగిపోతుంది. దాని గిన్నెకి మధ్యలో గొట్టం ఉంటుంది. నేను ఆ గొట్టాన్ని సోడా సీసా మూతికి తగిలించి బోర్లించాను, రెండు గంటలు. మా ఇంటికి వచ్చినవాళ్ళందరూ అదేదో పూజ అనుకున్నారు. పూర్తిగా చల్లారాక పలచటి చాకుతో చుట్టూ కోసి తీయాలి. అడుగు విడిగా వచ్చే గిన్నె అయితే సుఖం. నాన్‌స్టిక్ గిన్నె దీనికి పనికిరాదు, పట్టుకోవడానికి దానికి గోడ దొరకదు.

శ్రీకాకుళం నుంచి: పువ్వు ఆకారం ఉన్న గిన్నెలో చేస్తే రేకుల చివర్లు గిన్నెలోనే ఉండిపోతున్నాయి. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర వెతికినా దానికి సరిపడే కాగితం దొరకలేదు.

దొరకదు, ఆ ముడతలకి కాగితం కూర్చోదు. పైన చీపురుపల్లి సోదరికి చెప్పిన మూడు సమపాళ్ళ పేస్టు మీకోసమే పుట్టింది. గట్టి బ్రష్షుతో ఒక్కో రేకులోకీ పూయండి. పిండి పోయడానికి ముందే, అప్పటికప్పుడే పూయండి. గంట ముందు పూసి పెడితే జారి కిందకి చేరుతుంది. పిండిని ఒక చోటే పోసి దానంతట అదే పాకనివ్వండి, తర్వాత గిన్నెని తువ్వాలు మీద పెట్టి రెండు మూడు సార్లు తట్టితే రేకుల చివర్లలో గాలి బుడగలు పోతాయి. చాలాసార్లు చివర్లు అంటుకోవడం కాదు, అక్కడికి పిండే సరిగ్గా చేరదు. ఇంకా, ముదురు రంగు గిన్నె అయితే వేడి తొందరగా లాగేసుకుంటుంది, పది పదిహేను డిగ్రీలు తగ్గించండి.

గరివిడి నుంచి ఒక రిటైర్డు మాస్టారు: మా ఆవిడ మీ శీర్షిక చదివి కేకులు మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం ఒకటి అంటుకుంటోంది. విరిగిన ముక్కల్ని ఏం చెయ్యాలి? ఇంకో ప్రశ్న, ఆవిడ వినకుండా అడుగుతున్నాను. అంటుకుందని చెప్పాలా, చూడనట్టు ఊరుకోవాలా?

మాస్టారూ, ముక్కలకి చాలా గతులున్నాయి. గాజు గ్లాసుల్లో ఒక వరస కేకు ముక్కలు, ఒక వరస చల్లటి కస్టర్డు, ఒక వరస అరటిపండో దానిమ్మో వేసుకుంటూ పోతే అది కావాలని చేసినట్టే ఉంటుంది. రిటైర్మెంట్ పార్టీకి అడ్వాన్సు తీసుకున్న మూడు కిలోల కేకు నా చేతిలో మూడు ముక్కలైతే, నలభై గ్లాసులు అద్దెకి తెచ్చి అలాగే పంపాను. ఈ పేజీలో తప్ప ఆ సంగతి ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. పొడి మరీ ఎక్కువైతే కాస్త మిల్క్‌మెయిడ్ కలిపి ఉండలు చుట్టి కొబ్బరి కోరులో దొర్లించండి.

రెండో ప్రశ్నకి, చెప్పకండి. ఆవిడకి కనపడుతూనే ఉంటుంది. ఈ ఆదివారం కేకు దించగానే గడియారం చూసి పది నిమిషాలు లెక్కపెట్టే పని మీరు తీసుకోండి. అప్పటికీ అడుగున ఏమైనా మిగిలితే, ఆవిడ అటు తిరిగినప్పుడు గిన్నె, చెంచా పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోండి. గిన్నె అడుగున గీకితే వచ్చే ఆ మాడిన పాకం ముక్క ఉంటుంది చూశారూ, మా ఇంట్లో దానికోసమే తగువులు.